బరంపురం నుంచి జయపురం దాకా: స్కూటీ మీద నేనూ, మా వదినా

బయల్దేరే ముందు

రాయగడలో ఇద్దరు ఆడవాళ్ళు నిశ్చింతగా పడుకోగల లాడ్జి ఏదని పేరున్న ట్రావెల్ సైట్లలో వెతికితే పాత రివ్యూలూ, తెల్ల దుప్పట్ల ఫొటోలూ తప్ప ఏమీ దొరకలేదు. ఒడిశాలోని గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల వైపు రివ్యూలు రాసే రకం జనం రారు. వచ్చే మెడికల్ రెప్పులూ, కాంట్రాక్టర్లూ, మజ్జిగౌరమ్మ మొక్కు తీర్చుకోడానికొచ్చే మన పార్వతీపురం, విజయనగరం వాళ్ళూ రివ్యూలు రాయరు. అందుకేనేమో, ఈ ప్రయాణంలో మాకు అక్కరకొచ్చిన సైట్లూ యాప్‌లూ దాదాపు ఏవీ యాత్రికుల కోసం పెట్టినవి కావు. రైతుల కోసం, సైకిలు తొక్కేవాళ్ళ కోసం, బండి కాగితాల తనిఖీ కోసం, పాత పుస్తకాలు చదివేవాళ్ళ కోసం పెట్టినవి. అవేంటో వాటి చోటు వచ్చినప్పుడు చెప్తాను.

మాది బరంపురం. నాతో వచ్చింది మా ఆయన అక్క, కాశీబుగ్గలో టైలరింగ్ షాపు నడిపే మా వదిన. బండి నాది, గంజాం జిల్లా ఓడీ 07 నంబరున్న 125 సీసీ స్కూటీ. మనిషికి నాలుగు వేలు దాటితే వెనక్కి వచ్చేస్తానని వదిన ముందే చెప్పింది. స్కూటీ అయితే ఇంకో లాభం, జాతీయ రహదారుల మీద రెండు చక్రాల బళ్ళకి టోల్ లేదు.

గదులకి రైల్వే రిటైరింగ్ రూములు చవక, వాటిని నెట్‌లోనే తీసుకోవచ్చని మా తమ్ముడు సలహా ఇచ్చాడు. చూస్తే దానికి పీఎన్‌ఆర్ నంబరు అడుగుతోంది, అంటే రైలు టికెట్ ఉన్నవాళ్ళకే. "స్కూటీకి కూడా టికెట్ కొందామా ఏటి?" అంది వదిన. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

ఇంట్లో వైఫై ఉండగానే ఫోన్లు నింపుకున్నాం. ఆర్గానిక్ మ్యాప్స్‌లో ఒడిశా, ఆంధ్ర మ్యాపులు రెండూ దించాను. ఇది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడుస్తుంది. 2004లో మొదలైన ఆ పటాన్ని ఊరూరి వలంటీర్లే గీస్తారు. ఒకసారి దించుకుంటే సిగ్నల్ అక్కర్లేదు. కివిక్స్ అనే ఇంకో యాప్‌లో తెలుగు వికీపీడియా మొత్తం దించుకోవచ్చు, అదీ దించాను. ఇద్దరివీ వేరే వేరే కంపెనీల సిమ్ములు ఉండేలా చూసుకున్నాం. కొండల్లో ఒకటి పోయిన చోట రెండోది పని చేసింది, రెండూ పోయిన చోట్లు కూడా ఉన్నాయి.

మంగళవారం: తప్తపాణి, జిరంగ

తెల్లారకుండా బయల్దేరి దిగపహండిలో టిఫిన్‌కి ఆగాం. బరా, ఘుగుని. బరా అంటే మన మినప గారెకి తోబుట్టువే. ఘుగుని ఎండు బఠాణీల కూర, పైన పచ్చి ఉల్లిపాయ చల్లుతారు. అడ్డాకు దొన్నెలో ఇద్దరికీ కలిపి యాభై రూపాయలు. వదిన చట్నీ అడిగింది. కొట్టు అబ్బాయి తెలుగులోనే "చట్నీ లేదమ్మా, ఘుగునే చట్నీ" అన్నాడు. ఈ జిల్లాలో తెలుగు మాట్లాడే ముఖాన్ని ముందుగా పోల్చుకోలేం. అతని షర్టు జేబులో ఒడియా పేపరు, నోట్లో నా కంటే చక్కటి తెలుగు.

తప్తపాణి దగ్గర గంధకం వాసన రోడ్డు మీదికే వస్తుంది. వేడినీటి ఊట పక్కన కంధుణీ దేవి గుడి, కొంచెం కింద జనం స్నానం చేసే తొట్టి. ఒడిశా టూరిజం వాళ్ళ పాంథనివాస్‌లో అయితే ఆ నీటిని గదుల్లోకే పైపు వేసి తెస్తారు. దాని రేటు సైట్లో చూసి, బయటి తొట్టిలోనే కాళ్ళు పెట్టుకు కూచున్నాం. మడమల పగుళ్ళకి మంచిదని ఒకావిడ చెబితే వదిన కదల్లేదు. నేను టైము చూపించి లేపాల్సొచ్చింది.

అక్కడి నుంచి మోహనా వైపు ఘాట్ రోడ్డు. ఇద్దరు మనుషులూ, రెండు సంచులూ ఉన్న స్కూటీకి ఎత్తు ఎంతో ముందే తెలియాలి. కారు దారి అడిగితే మా ఫోన్లలోని మ్యాపులు ఆ సంగతి చెప్పవు. ఆర్గానిక్ మ్యాప్స్‌లో సైకిలు దారి అడిగితే మాత్రం ఎక్కడ ఎంత ఎక్కుతాం, ఎంత దిగుతాం అన్నది గీత గీసి చూపిస్తుంది. తొక్కేవాడి కాళ్ళ కోసం పెట్టిన సదుపాయం మా స్కూటీ ఇంజనుకి పనికొచ్చింది. నిటారు ఎక్కుడు ఎక్కడ మొదలవుతుందో తెలుసు కాబట్టి ముందే ఆగి బండిని చల్లారనిచ్చాం.

చంద్రగిరి దాటాక మొక్కజొన్న చేల మధ్య రంగురంగుల ప్రార్థన జెండాలు కనిపిస్తాయి. 1963లో టిబెట్ శరణార్థులకి ఇక్కడ భూములిచ్చారు. ఇప్పుడవి ఐదు శిబిరాల ఊళ్ళు. జిరంగలోని పద్మసంభవ మహావిహారాన్ని 2010 జనవరిలో దలైలామా ప్రారంభించారు. లోపల బుద్ధుడి విగ్రహం ముందు మాట మెల్లగా వస్తుంది, వదినకి కూడా.

మఠం బయట తుక్పా, అంటే టిబెటన్ల నూడుల్స్ సూపు, అమ్మే పెద్దావిడ ఒడియా మాట్లాడుతుంటే వదిన నా వైపు చూసింది, ఏమంటోందని. ఆవిడే అందుకుని "కూర్చోండి, కారం ఎక్కువా తక్కువా?" అంది తెలుగులో. చలికాలం మూడు నెలలూ విజయనగరంలో స్వెట్టర్లు అమ్ముతుందట. వదినకి ఎక్కడ చూశానా అని అనుమానం మొదలైంది. ఏ వీధి, ఏ కొట్టు ముందు, ఏ సంవత్సరం అంటూ ఇద్దరూ అరగంట లెక్కలు కట్టారు. తేలలేదు. రెండు గిన్నెల తుక్పాకి నూట నలభై. రాత్రి ఆవిడ చెప్పిన ఇంట్లోనే గది, ఐదు వందలు, రెండేసి రగ్గులు. ఈ గది ఏ సైట్లోనూ లేదు.

బుధవారం: కూలిన కల్వర్టు, పర్లాకిమిడి

ఆర్. ఉదయగిరి దాటాక ఫోన్లో మామూలుగా వాడే మ్యాపు ఎడమకి ఒక అడ్డదారి చూపించింది, అరగంట మిగులుతుందని. మొదట సిమెంటు రోడ్డు, తర్వాత ఎర్రమట్టి, ఆ తర్వాత రాళ్ళు. చివరికి వాగు. వాగు మీద ఉండాల్సిన కల్వర్టు వర్షాలకి కూలి, రెండు తూములు పక్కకి పడున్నాయి. మ్యాపులో ఆడమనిషి గొంతు మాత్రం "నేరుగా వెళ్ళండి" అంటూనే ఉంది. "నువ్వు రా ముందు, నీ ఎనకాతల మేమొస్తాం" అంది వదిన.

అవతల గట్టున గొర్రెలు కాస్తున్న సవర గిరిజన కుర్రాడు చేతులూపుతూ వెనక్కి పొమ్మన్నాడు. కొంచెం వెనక్కొస్తే అతని ఊరు. ఎర్రమట్టి గోడలు, నున్నగా అలికిన అరుగులు, ఒక ఇంటి గోడ మీద తెల్లటి పిండితో వేసిన మనుషులూ, ఏనుగులూ, నిచ్చెనలూ. సవరలు పితృదేవతల కోసం వేసే బొమ్మలివి. ఫొటో తియ్యొచ్చా అని అడిగితే ఇంటావిడ వద్దంది. తియ్యలేదు. ఆవిడే గంపలోంచి సీతాఫలాలు ఇచ్చి, డబ్బులిస్తే ఇరవై రూపాయలు మాత్రం ఉంచుకుని మిగతాది నా చేతిలో పెట్టేసింది. దారి చెప్పింది ఆవిడ మొగుడు. చెట్టు కొమ్మతో నేల మీద గీసి చూపించాడు. మెయిన్ రోడ్డుకి వెళ్ళే గీతని రెండుసార్లు గీశాడు, మేము మళ్ళీ వాగు వైపు పోతామేమోనని.

మెయిన్ రోడ్డెక్కాక రెండో మ్యాపు, అంటే ఆర్గానిక్ మ్యాప్స్, తెరిచాను. అందులో ఆ దారి చుక్కల గీత, అంటే కాలిబాట. ఎవరో నడిచి చూసి గీశారన్నమాట. అప్పటి నుంచి వదిన కొత్త పద్ధతి పెట్టింది. కొత్త మలుపు వస్తే రెండు మ్యాపులూ చూడాలి, ఒకదాంట్లో చుక్కలు కనిపిస్తే హైవే వదలకూడదు. పద్ధతి వదినదే కాబట్టి నేను ఎదురు చెప్పలేదు.

పర్లాకిమిడికి మధ్యాహ్నం చేరాం. ఊరి చివర మహేంద్రతనయ నది, అవతల ఆంధ్రలోని పాతపట్నం. బంకులో సగం బళ్ళు ఆంధ్ర నంబర్లవే. లీటరుకి ఏడెనిమిది రూపాయల తేడా ఉంటే ఎవరైనా అంతే చేస్తారు. రోజువారీ రేటు ఆయిల్ కంపెనీల సైట్లలోనూ యాప్‌లలోనూ ఊరివారీగా ఉంటుంది. సరిహద్దు వెంట పోయే బండికి ఆ ఒక్క పేజీ ఎంతో ఆదా చేస్తుంది. మేం ఈ యాత్ర అంతా ఒడిశా వైపే కొట్టించాం.

భోజనానికి వదిన చేపల పులుసు అడిగింది. హోటల్ ఆయన చేతులు జోడించి, "కార్తీకం అమ్మా, ఈ నెల్లాళ్ళూ చేపా మాంసం లేవు" అన్నాడు. వదిన తెల్లబోయింది. మన కార్తీకం దీపావళి మర్నాడు మొదలవుతుంది. ఒడియా వాళ్ళకి నెల పౌర్ణమితో మారుతుంది కాబట్టి, ఆశ్వయుజ పౌర్ణమి దాటగానే వాళ్ళ కార్తీకం వచ్చేస్తుంది. మేం సరిగ్గా ఆ మధ్య పక్షంలో తిరుగుతున్నాం. "మాకింకా ఆశ్వయుజమే బాబూ" అని వదిన బతిమాలితే ఆయన నవ్వి డాల్మా (కూరగాయలు వేసిన పప్పు), వంకాయ వేపుడు, టమాటా కట్టా పెట్టాడు. టమాటా కట్టా తియ్యగా, పుల్లగా ఉండి నాకు నచ్చింది. వదిన దాన్ని జామ్ అంది. మనిషికి ఎనభై.

సాయంత్రం గజపతుల కోట బయటి నుంచి చూశాం. కోట ఎదుట అరుగు మీద కూర్చుని వదినకి కివిక్స్‌లో గిడుగు రామమూర్తి పంతులు గారి పేజీ తీసిచ్చాను. 1880 నుంచి ఈ ఊళ్ళోనే మేష్టరుగిరీ చేశారు. సవరలతో తిరిగి వాళ్ళ భాష నేర్చుకుని, సొంత డబ్బుతో బడులు పెట్టి, వ్యాకరణం రాశారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోయినప్పుడు, ఆ వయసులో ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. వదిన చదివి, పొద్దున మాకు సీతాఫలాలిచ్చినావిడ మాటలు ఈయనకైతే అర్థమయ్యేవి కదే అంది. సిగ్నల్ లేని కొండల్లో ఒక ఊరి కథ ఊళ్ళోనే చదవాలంటే ఇంతకంటే చవకైన గైడు నాకు తెలియదు.

గురువారం: గుణుపురం, రాయగడ

నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన చిన్న రైలు పట్టాలు తర్వాత గుణుపురం దాకా సాగాయి. ఇప్పుడది బ్రాడ్‌గేజ్. రోడ్డు చాలా దూరం ఆ లైను పక్కనే పోతుంది. వంశధార ఒడ్డు వెంట పచ్చటి వరి. ఇక్కడ చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు, పోలీసులు ఆపడం తప్ప.

అది కూడా చిన్న సంగతే. ఒరిజినల్ కాగితాలు ఇంట్లో ఉన్నాయి. ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు డిజిలాకర్‌లో చూపించాను. 2018 నుంచి డిజిలాకర్, ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లలో ఉన్న కాగితాలు ఒరిజినల్స్‌తో సమానం. ఎస్సై ఫోను చూసి, నన్ను చూసి, "పొల్యూషన్?" అన్నాడు. అదీ ఉంది. ఒడిశాలో దాని మీద పట్టింపు ఎక్కువ, గడువు తేదీ చూసుకుని బయల్దేరాలి. వెళ్ళమన్నాక వెనక నుంచి తెలుగులో అడిగాడు, "ఇద్దరే వచ్చారా? మగవాళ్ళు లేరా?" వదిన హెల్మెట్ తీసి, "ఇంటికాడ వంట చేస్తన్నారు" అంది. కానిస్టేబులు నవ్వు ఆపుకోలేకపోయాడు.

రాయగడలో లాడ్జి ఎలా దొరికిందో చెప్తే మీకు పనికొస్తుంది. మ్యాపులో లాడ్జిల మీద జనం పెట్టిన స్టార్లు వదిలేశాం. కొత్తవి ముందుగా వచ్చేలా ఫొటోలు పేర్చుకుని, రిసెప్షన్ వెనక గోడ మీది రేట్ల బోర్డు ఎవరైనా తీశారేమో చూశాం. ఫొటోలో బోర్డు ఉంటే రేటు తెలుస్తుంది, గోడ శుభ్రం తెలుస్తుంది, కౌంటర్లో ఎవరు కూచుంటారో కూడా ఒక్కోసారి తెలుస్తుంది. నచ్చిన రెండింటికి ఫోన్ చేసి తెలుగులోనే అడిగాం, కుటుంబాలు దిగుతాయా, రాత్రి కౌంటర్లో ఎవరుంటారు, గది లోపల గడియ ఉందా అని. ఒకాయన విసుక్కున్నాడు. రెండో చోట ఒకావిడ ఎత్తి, "రండమ్మా, నేను పై అంతస్తులోనే ఉంటాను" అంది. తొమ్మిది వందలు. అడిగితే ఎనిమిది వందల యాభై.

బాత్‌రూముల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, మగవాళ్ళు రాసే యాత్రల్లో ఇది ఉండదు. పెట్రోలు బంకుల రివ్యూల్లో వాష్‌రూమ్ అనే మాట వెతకండి. దానికి తాళం ఉంది, తాళం చెవి కౌంటర్లో అడగాలి అని ఎవరో ఒక పుణ్యాత్మురాలు రాసి ఉంటుంది. ఈ జిల్లాల్లో నేను నమ్మిన రివ్యూలు అవే.

మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఒడిశాలో ఉన్నట్టే అనిపించదు. కొబ్బరికాయల కొట్లన్నీ తెలుగులోనే బేరమాడతాయి. రాత్రి టిఫిను పెసరట్టు, అల్లప్పచ్చడి. వదిన రెండు తింది, చేప గొడవ ఆ రాత్రికి సద్దుమణిగింది.

శుక్రవారం: కుందులి సంత

కుందులి సంత శుక్రవారమే జరుగుతుంది కాబట్టి యాత్ర మొత్తాన్ని ఆ రోజుకి కుదిరేలా అమర్చుకున్నాం. సంత రోజులు యాత్రల పేజీల్లో కంటే జిల్లా వెబ్‌సైట్లలో, గెజెటీర్లలో (జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసే పుస్తకాలు) నమ్మకంగా దొరుకుతాయి.

లక్ష్మీపురం దాటాక కొండవాలు పసుపురంగులోకి మారింది. వలిసె చేలు. అరకులో ఈ పూల ముందు ఫొటోకి డబ్బులు అడుగుతారు. ఇక్కడ చేను గలావిడ మాకే రెండు పూలు కోసి ఇచ్చింది.

సంత గురించి ఎంత రాసినా తక్కువే. అల్లం కుప్పలు, కందులు, చిట్టి చిట్టి టమాటాలు, వెదురు కొమ్ముల ముక్కలు, ఎండుచేపలు. ఎండుచేపల దగ్గర వదిన ఆగిపోయింది, అక్కడ ఎవరికీ కార్తీకం లేదు. ముక్కుకి మూడేసి పుడకలు పెట్టుకున్న ఆడవాళ్ళు నేల మీద గోనె పరిచి కూచుని, ఎదుట సరుకు చిన్న చిన్న పోగులుగా పెడతారు. త్రాసులు తక్కువ. పోగు ఇంత, అంతే. మన వైపులా సగానికి అడగడం మొదలుపెడితే వాళ్ళు బేరమాడరు, ముఖం పక్కకి తిప్పుకుంటారు. వదినకి ఇది అర్థమవడానికి రెండు పోగులు పట్టింది. మూడోచోట అడిగిన డబ్బు ఇచ్చింది, ఆ అమ్మాయి పైన ఇంకో గుప్పెడు కందులు వేసింది.

చిల్లర తప్పనిసరి. దళారీల దగ్గర క్యూఆర్ కోడ్ అట్టలున్నాయి గానీ ఈ పోగుల దగ్గర పది, ఇరవై నోట్లే నడుస్తాయి. రాయగడ కిరాణా కొట్లో రెండు వందలకి పది రూపాయల నోట్లు మార్చుకుని వచ్చాం.

ఒక మూల సొరకాయ బుర్రల్లో మండియా పేజ్ అమ్ముతున్నారు, అంటే చోడి అంబలి. పది రూపాయలకి పెద్ద గ్లాసు. కొంచెం పులిసి, పొగ వాసనతో. ఎండలో అది తాగాక కూల్‌డ్రింకు జోలికి పోబుద్ధి కాలేదు. వదిన మాత్రం మా అమ్మ ఇంతకన్నా చిక్కగా కాచేది అంది, రెండో గ్లాసు తాగుతూ.

సాయంత్రానికి కొరాపుట్. శబర శ్రీక్షేత్రం అని పిలిచే జగన్నాథుడి గుడి గుట్ట మీద ఉంది, పక్కనే గిరిజన మ్యూజియం. గుడి వైపు వీధిలో ఆరు వందలకి గది దొరికింది, ఇక్కడ రెండు రాత్రులు.

శనివారం: దేవమాలి

ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన కొండ దేవమాలి, 1672 మీటర్లు. పైదాకా దాదాపు రోడ్డే. చివరి మలుపుల్లో స్కూటీ మూలిగితే వదిన దిగి నడిచింది. నడుస్తూ నా కంటే ముందే చేరిపోయింది.

పైన ఎండగానే ఉంది. గాలి మాత్రం చల్లగా కొడుతోంది, నలుగురైదుగురు కుర్రాళ్ళు రీల్స్ తీసుకుంటున్నారు. పొద్దున వాతావరణ శాఖ వారి మౌసమ్ యాప్‌లో బంగాళాఖాతంలో అల్పపీడనం అని చూశాను కాబట్టి దామిని తెరిచి ఉంచాను. ఇది పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వాళ్ళు చేసిన యాప్, పొలాల్లో పని చేసేవాళ్ళని పిడుగుల నుంచి కాపాడటం కోసం. మనమున్న చోటు చుట్టూ 20, 40 కిలోమీటర్ల వృత్తాలు గీసి, ఎక్కడెక్కడ పిడుగులు పడ్డాయో చుక్కలు చూపిస్తుంది. ఎరుపు చుక్క అంటే గడిచిన ఐదు నిమిషాల్లో పడింది, పసుపు పదిలోపు, నీలం పదిహేనులోపు. ఒడిశా ప్రభుత్వం వారి సతర్క్ కూడా ఇలాంటిదే, దానికి ఒడియాలో హెచ్చరికలొస్తాయి.

పదకొండింటికి పెద్ద వృత్తం అంచున పడమర వైపు నీలం చుక్కలు కనిపించాయి. ఆకాశం చూస్తే ఏమీ లేదు. కాసేపటికి పసుపు, ఇంకాస్త లోపలికి. వదిన సంచి భుజాన వేసేసుకుంది. రీల్స్ కుర్రాళ్ళకి ఫోను చూపించాను. ఒకడు "ఆంటీ, ఎండగా ఉంది కదా" అన్నాడు. రెండోవాడు, కొండ కింద పల్లెలో పుట్టినవాడట, మాట్లాడకుండా బండి స్టార్ట్ చేశాడు. మేం కిందికొచ్చి టీ కొట్టు రేకు కింద నిలబడేసరికి కొండ తల మబ్బులో మాయమైంది. ఉరుము ఒక్కటి వినబడింది, టీ గ్లాసులు గలగలమన్నాయి. తర్వాత వచ్చిన వాన గంటన్నర తగ్గలేదు. టీ పది, మిరపకాయ బజ్జీ నాలుగు ఇరవై. "ఆంటీ" అన్న కుర్రాడు నిండా తడిసి అక్కడికే వచ్చాడు, బజ్జీలకి డబ్బులు వాడే ఇచ్చాడు.

ఆదివారం: జయపురం, వాన

కొరాపుట్ నుంచి జయపురం ఘాట్ దిగుతుంటే రెయిన్‌కోట్లోకి కూడా నీళ్ళు. దుడుమ జలపాతం అనుకున్నాం గానీ జిల్లాకి ఆరెంజ్ హెచ్చరిక ఉంది. మూడు గంటలకోసారి మారే స్థానిక సూచన కూడా మారలేదు. మానేశాం. బయల్దేరే ముందు అన్నీ చదువుకుని వచ్చి చివరికి గదిలో కూచోవడం వదినకి నచ్చలేదు. నాకు బాగానే అనిపించింది.

ఎందుకంటే ఫోన్లో 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజెటీర్ ఉంది. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది, స్కాను పేజీలు. జయపురం సంస్థానం 1936 దాకా ఆ జిల్లాలోదే, కాబట్టి కొరాపుట్ కొండల గురించి అప్పటి వివరం అంతా అందులో ఉంటుంది. దొరల చూపు కదా, గిరిజనుల గురించి రాసిన మాటలు కొన్ని చదవడానికి చేదుగా ఉంటాయి. కానీ ఏ ఘాటు ఎక్కడ ఎక్కుతుంది, ఏ ఊళ్ళో సంత, గుహ ఎక్కడ, జలపాతం ఎక్కడ అన్న ఓపిక ఇప్పటి ట్రావెల్ వీడియోల్లో నేను చూడలేదు. ఒడిశా ప్రభుత్వం వేసిన కొత్త జిల్లా గెజెటీర్లు కూడా పీడీఎఫ్‌లుగా ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మంచిది.

వాన తెరిపిచ్చాక రాజావారి కోట వీధిలో ఒక తెలుగు దర్జీ కొట్టు కనబడింది. వదిన ఆగకపోతే ఆశ్చర్యం. కొట్టాయన తాతలు సాలూరు నుంచి వచ్చారట. గోడ మీద విక్రమదేవ వర్మ మహారాజు పాత ఫొటో ఉంది. "ఈయన ఆంధ్రా యూనివర్సిటీకి ఏటా లక్ష రూపాయలిచ్చారమ్మా, ఆ రోజుల్లో లక్ష" అన్నాడు. తర్వాత బ్లౌజు కుట్టుకూలి దగ్గరికొచ్చారు ఇద్దరూ. కాశీబుగ్గలో ఎంత, జయపురంలో ఎంత, లైనింగుకి వేరేనా. ఆయన రేటు తక్కువని తేలాక వదినకి దిగులు పట్టుకుంది. మాకు టీ తెప్పించాడు, డబ్బులు తీసుకోలేదు. గది ఎనిమిది వందలు, దుప్పటి తడిగా ఉంది, మార్చమంటే మార్చారు.

సోమవారం: సుంకి ఘాట్, సాలూరు

మళ్ళీ కొరాపుట్ ఎక్కి, సిమిలిగుడ, పొట్టంగి మీదుగా సుంకి ఘాట్. సరిహద్దుకి ముందు ఒడిశా వైపు బంకులో ట్యాంకు నింపించాం. లారీలు వరసగా దిగుతున్నాయి, ఒక మలుపులో ఒకటి ఆగిపోయి ఉంది. డ్రైవరు జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి రాయి మీద కూచుని బీడీ కాలుస్తున్నాడు. మేం పక్క నుంచి దూరి వచ్చేశాం.

సాలూరులో పన్నెండున్నరకి భోజనం. వదిన లోపలికి వెళ్తూనే చేప ఉందా అని అడిగింది. ఉంది. కూరలొచ్చేలోపు ఖర్చుల పుస్తకం తీశాం. పెట్రోలు పదిహేడు వందలు. గదులు నాలుగు వేలు దాటాయి. తిండికి పద్దెనిమిది వందల పైచిలుకు. పంక్చరు నూట యాభై. ఈ భోజనం కాక ఏడు వేల ఎనిమిది వందల చిల్లర తేలింది. కాశీబుగ్గ దాకా ఇంకో పెట్రోలు ఖర్చు లేదు కాబట్టి నాలుగు వేల లెక్క నిలిచినట్టే.

అయితే కుందులిలో కొన్న కందులూ అల్లమూ ఇందులో వెయ్యాలా వద్దా అన్నది తెగలేదు. అవి వదిన ఇంటికి కాబట్టి వెయ్యకూడదని నేను. సంచి మోసింది నా స్కూటీయే, నడిపింది నేనే, కాబట్టి సగం కందులు నాకివ్వాలని కూడా నేనే. "ఉండవే, ముందు తిననీ" అని వదిన పులుసు కలుపుకుంది. రెండు ముద్దలు తిని ఉప్పు ఎక్కువైందని సర్వరుని పిలిచింది. అతను మజ్జిగ తెచ్చాడు. చేప ముక్క మాత్రం ఇంకోటి వేయించుకుంది.